ఐదు వేళ్ల లోతు

21 అక్టోబర్ 2023, శనివారం

ఎండ తగ్గింది. సీజన్ మొదలైంది. పొద్దున ఆరింటికి కట్లు విప్పాం. ఎండాకాలమంతా మెరీనాలో పడి ఉన్న పడవ. అడుగున గుల్లలు పట్టి ముసలి గేదెలాగా కదిలింది. పది గంటలకు దారికి వచ్చింది.

పడవ పేరు అలేఖ్య. సార్ కూతురి పేరు. సార్ అంటే వీరరాఘవరావు, విజయవాడ ఆయన. దుబాయ్ జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో గోడౌన్లు ఉన్నాయి. ఆయనకు సముద్రం అంటే ఫొటో. పడవ నలభై రెండు అడుగులు, ఒక మాస్ట్, రెండు తెరచాపలు. అబుదాబి నుంచి పడమరకు, దల్మా దీవి దాకా, మధ్యలో చిన్న చిన్న దీవుల దగ్గర ఆగుతూ వెళ్తాం. ఆ దీవులకు అరబ్బుల పేర్లు వేరే ఉన్నాయి. మేము పెట్టుకున్నవి వేరే. గుడ్ల దిబ్బ. ఒంటి చెట్టు. ఉప్పు గిన్నె. ఉప్పు గిన్నె అంటే చుట్టూ ఇసుక, లోపల గుండ్రంగా పచ్చటి నీళ్లు, లోపలికి పోవడానికి ఒకటే నోరు. అందులో లంగరు వేస్తే గాలి తగలదు. సార్ గెస్టులకు అదే ఇష్టం.

నడిపేది నేను. భోజన్న. పాస్‌పోర్టులో అరవై నాలుగు. గోదావరి మీద నాటు పడవ నడిపాను. ఇక్కడికి వచ్చి దుబాయ్ డేరాలో సరుకు పడవల మీద పదిహేనేళ్లు చేశాను. తర్వాత ఒక ఇంగ్లీషాయన దగ్గర తెరచాప నేర్చుకున్నాను. ఆయన దేశం పోతూ ఈ పడవను సార్‌కు అమ్మాడు, నన్ను పడవతో పాటు అప్పగించాడు. ఈ దీవుల మధ్య నీళ్లు నాకు తెలిసినంత మెరీనాలో ఎవరికీ తెలియవు. ఇది గొప్ప కాదు. ఉన్న మాట.

ముందు మొన మీద హన్మాండ్లు నిలబడతాడు. నా బామ్మర్ది. నా భార్య గౌరవ్వ తమ్ముడు. వంట కూడా అతనిదే. లోతు తక్కువున్న చోట సీసం గుండు కట్టిన తాడు ముందుకు విసురుతాడు. తాడుకు మూరకొక ముడి. ఎన్ని ముడులు తడిస్తే అన్ని మూరల లోతు. అది నోటితో చెప్పడు. మా గోదావరి మీద గంగమ్మ లోతు నోటితో చెప్పరు. చెప్తే ఆమె వింటుంది, కొలత మార్చేస్తుంది అని మా తాతల నమ్మకం. కుడి చెయ్యి తల మీదికి ఎత్తి వేళ్లు చూపిస్తాడు. వెనక చుక్కాని పట్టుకున్న పెద్దమనిషి చూసుకోవాలి. పిడికిలి అంటే భయం లేదు, లోతు చాలా ఉంది. ఐదు వేళ్లు అంటే మెల్లగా పోవచ్చు. నాలుగంటే ఆగు. ఈ పడవ కడుపు నీళ్లలోకి నాలుగు మూరలు దిగుతుంది. మూడు చూపించాడంటే అప్పటికే ఆలస్యం.

ఇరవై రెండేళ్లుగా నా ముందు నిలబడుతున్నాడు. చెయ్యి ఎత్తి వెనక్కి తిరిగి చూసింది ఒక్కసారి లేదు. నేను చూస్తానని అతనికి తెలుసు. తెలివి తక్కువ మనిషి. చెప్పింది చేస్తాడు.

ఒకప్పుడు నీళ్ల రంగు చూసి నేనే లోతు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఎడమ కంట్లో పొగ. కుడి కన్నుకు ఎండ పడదు. మధ్యాహ్నం దాటితే నీళ్లన్నీ ఒకటే తెలుపు. ఎవరికీ చెప్పలేదు. హన్మాండ్లు వేళ్లు కనిపిస్తున్నాయి. అది చాలు.

22 అక్టోబర్

ఉప్పు గిన్నెలో ఈత కొట్టారు. సార్ జారి పడ్డాడు. నేనే లేపాను.

3 నవంబర్, శుక్రవారం

సార్ కొత్త కెప్టెన్‌ను తెచ్చాడు. ప్రమోద్. హైదరాబాద్. నలభై ఏళ్లుంటాయి. ఆఫీసు ఉద్యోగం వదిలేసి సెయిలింగ్ కోర్సు చేశాడట. మూడు సర్టిఫికెట్లు ఉన్నాయి. ఇన్సూరెన్స్ వాళ్లు లైసెన్స్ ఉన్న మనిషి కావాలన్నారని సార్ చెప్పాడు. నా మొహం చూడకుండా, తాళ్ల వైపు చూస్తూ చెప్పాడు. నేను ఇకనుంచి హెల్పర్.

ప్రమోద్ నన్ను అంకుల్ అన్నాడు. వాళ్ల నాన్నకు నేను తమ్ముణ్ణి కాదు.

రూల్ పెట్టాడు. పడవ మీద ఒకటే గొంతు వినపడాలట. అది కెప్టెన్‌ది. అడిగితేనే చెప్పాలట. గెస్టుల ముందు నేను అటు రాయి, ఇటు ఇసుక అంటే వాళ్లు భయపడతారట. సరే అన్నాను. నేను సరే అంటే ఏమిటో గౌరవ్వకు తెలుసు. ఇతనికి తెలియదు.

ఐప్యాడ్‌లో మ్యాప్ చూపించాడు. నీళ్ల లోతులన్నీ అందులో ఉన్నాయన్నాడు. ఎప్పుడు కొలిచారు అని అడిగాను. ఏదో సంవత్సరం చెప్పాడు. ఆ సంవత్సరం నాకు మనవడు పుట్టాడు. ఇప్పుడు వాడికి మీసాలు వస్తున్నాయి. ఇసుక కూడా అంతే, ఉన్న చోట ఉండదు. ఆ మాట అనలేదు. అడగలేదు గదా.

హన్మాండ్లు తాడు విసిరి చెయ్యి ఎత్తడం చూసి అదేమిటని అడిగాడు. గంగమ్మకు మొక్కు అని చెప్పాను. నవ్వి, క్యూట్, చెయ్యనివ్వండి, గెస్టులకు బాగుంటుంది అన్నాడు.

హన్మాండ్లు వంట దగ్గర నన్ను అడిగాడు, అట్లెందుకు చెప్పినవు బావా అని. రొట్టెలు మాడుతున్నాయి చూసుకో అన్నాను.

18 నవంబర్, శనివారం

గెస్టులు తొమ్మిది మంది. నాకు తెల్ల టీషర్టు ఇచ్చారు. వీపు మీద CREW అని ఉందట. ట్రే పట్టుకుని జ్యూస్ పంచాను. ముప్పై ఏళ్లు చుక్కాని పట్టుకున్న చెయ్యి.

కాత్యాయని మేడమ్ నాతో మాట్లాడదు. ప్రమోద్‌తో చెప్తుంది, ప్రమోద్ నాకు చెప్తాడు. గ్లాసులు టిష్యూ చుట్టి ఇవ్వమని చెప్పింది. నా చేతులు బీడీ వాసన అట. నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను.

ఒక గెస్టు, ఈ పెద్దాయనకు ఈత వచ్చా అని అడిగాడు. ప్రమోద్ అన్నాడు, అంకుల్ మా యాంటిక్ పీస్, పడవ కొంటే ఫ్రీగా వచ్చారు అని. అందరూ నవ్వారు. సార్ కూడా నవ్వాడు. ముందు మొన మీద హన్మాండ్లు కూడా పళ్లు బయటపెట్టాడు. అతనికి మాట సగం అర్థమై ఉండదు. అందరూ నవ్వారు కాబట్టి నవ్వాడు.

సార్ నవ్వింది మర్చిపోతాను. హన్మాండ్లు నవ్వింది మర్చిపోను.

19 నవంబర్

ప్రమోద్‌కు రెండు సార్లు వాంతులు. కళ్లజోడు నీళ్లలో పడింది. బాగుంది.

9 డిసెంబర్, శనివారం

వారం రోజులు షమాల్, ఉత్తరపు గాలి. పడవలు కదల్లేదు. ఇవాళ తగ్గింది. గెస్టులు లేరు. ప్రమోద్ పడవ ఒంటి చెట్టు దగ్గర ఆపి పడుకున్నాడు. నేను, హన్మాండ్లు చిన్న రబ్బరు పడవ వేసుకుని ఉప్పు గిన్నె దాకా పోయాం, చేపలకు.

గిన్నె నోరు మారిపోయింది. గాలికి ఇసుక కొట్టుకొచ్చి అడ్డంగా మేట వేసింది. పాత దారి మధ్యలో, నీళ్ల కింద, గోడ కట్టినట్టు. ఇటు పక్క పది మూరలు, రెండు అడుగులు వేస్తే మూడు. నీళ్లు దిగిపోయిన వేళ అది. పోటు ఎక్కినప్పుడైతే ఏడు ఉంటుంది, పడవ పోతుంది. అమావాస్య, పున్నమి దగ్గర నీళ్లు బాగా దిగుతాయి. అప్పుడు మూడు కూడా ఉండదు. కొత్త దారి ఎడమ వైపు పడింది. సన్నది. నేను చూసుకున్నాను.

మెషిన్ ఉంది పడవలో, లోతు చెప్పేది. అది పడవ కడుపు కింద ఎంతుందో చెప్తుంది. ముందు ఏముందో చెప్పదు. గోడ మీదికి ఎక్కాక మోగుతుంది.

హన్మాండ్లు తాడు చుడుతూ, ప్రమోద్ సార్‌కు చెప్పాలి గదా బావా అన్నాడు. అడిగితే చెప్తాం అన్నాను. అడగకపోతే? అడగకపోతే ఆయనకు తెలిసే ఉంటుంది, సర్టిఫికెట్లు ఉన్నాయి అన్నాను. నువ్వు నోరు తెరిచావంటే నీ సంగతి అక్కతో చెప్తాను అని కూడా అన్నాను. యాభై రెండేళ్ల మనిషి, అక్క పేరు చెప్తే చాలు, తల దించుకుంటాడు.

చేపలు పన్నెండు పడ్డాయి.

30 డిసెంబర్, శనివారం

సార్ నన్ను పక్కకు పిలిచాడు. భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి వేసినప్పుడే తెలిసింది. మార్చి ఒకటికి నాకు అరవై ఐదు నిండుతాయి. వీసా ఇక రెన్యూవల్ వద్దనుకుంటున్నాడు. ప్రమోద్ బాగా చేస్తున్నాడు, నీకు విశ్రాంతి కావాలి అన్నాడు. పడవ మీదే కేక్ కోద్దాం, గెస్టులను పిలుద్దాం, టికెట్ నేను చూసుకుంటా అన్నాడు.

నాకు విశ్రాంతి కావాలని నేను ఎవరితో అన్నాను? ఊళ్లో నాకు ఏముంది? పొద్దున లేచి అరుగు మీద కూర్చోవాలి. దుబాయ్ నుంచి ఎప్పుడొచ్చినవ్, మళ్లా ఎప్పుడు పోతవ్ అని అడిగే వాళ్లకు జవాబు చెప్పాలి. అక్కడ నేను ఎవణ్ణి? ఇక్కడ చుక్కాని పట్టుకుంటే నలభై రెండు అడుగుల పడవ నా మాట వింటుంది.

కేక్ అట.

12 జనవరి 2024, శుక్రవారం

గౌరవ్వ ఫోన్. నా సంగతి రెండు నిమిషాలు, తమ్ముడి సంగతి ఇరవై నిమిషాలు. హన్మాండ్లు వల అల్లి పంపాడట, ఊళ్లో అందరూ చూసిపోతున్నారట. నిజమే, ఆ ఒక్క పని అతనికి వచ్చు. కూర్చుంటే చాలు, వేళ్లు వాటంతట అవే తిరుగుతుంటాయి. చూడకుండా అల్లుతాడు. ఇక్కడ బనియాస్‌లో కేరళ వాళ్లు కూడా అతని దగ్గరే అల్లించుకుంటారు.

వాని ఒంటి మీద చెయ్యి వెయ్యకు, చెడ్డ మాటలనకు, వాడు పసిపోరడు లెక్క అని చెప్పింది. పెళ్లయిన నాటి నుంచి ఇదే పాట. నన్ను చూసుకోమని అతనికి ఎప్పుడైనా చెప్పిందో లేదో.

28 జనవరి, ఆదివారం

నిన్న జరిగింది రాస్తున్నాను.

పున్నమి పోయి రెండు రోజులు. గెస్టులు ఏడుగురు, సార్, మేడమ్. పదకొండున్నరకు ఉప్పు గిన్నె నోటి దగ్గరికి వచ్చాం. నీళ్లు దిగుతున్నాయి. ప్రమోద్ ఐప్యాడ్ చూసి, తెరచాప దించకుండానే లోపలికి పోదాం, ఫొటోలు బాగుంటాయి అన్నాడు. చుక్కాని అతని చేతిలో. నేను వెనక మూల, జ్యూస్ డబ్బా పక్కన కూర్చున్నాను.

అతను నన్ను అడగలేదు. అడుగుతాడేమోనని కొంచెంసేపు చూశాను. ఆ మాట రాయాలి.

హన్మాండ్లు ముందుకు పోయి నిలబడ్డాడు. తాడు విసిరాడు. పిడికిలి. మళ్లీ విసిరాడు. పిడికిలి. మళ్లీ. ఐదు వేళ్లు. గెస్టుల్లో ఒకావిడ ఫోన్‌తో అతని చెయ్యి వీడియో తీస్తోంది. ప్రమోద్ ఆమెకు చెప్తున్నాడు, అది వాళ్ల గంగమ్మ మొక్కు అని.

నాలుగు.

నేను కదల్లేదు.

అప్పుడు హన్మాండ్లు వెనక్కి తిరిగాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి. చెయ్యి పైకే ఉంది. ప్రమోద్‌ను చూడలేదు. నన్ను చూశాడు. మూడు వేళ్లు. నోరు తెరిచి మూశాడు. నా మొహం మీద ఏం కనిపించిందో నాకు తెలియదు. నేను తల తిప్పి దీవి వైపు చూశాను. కొంగలు ఉన్నాయి.

మెషిన్ మోగింది. మోగుతూనే పడవ ఎక్కింది. గ్లాసులన్నీ ముందుకు పోయాయి. మేడమ్ మోకాళ్ల మీద పడింది. ప్రమోద్ మొహంలో రక్తం లేదు. చాలా బాగుంది అనిపించింది. దాచను. అంత హాయి నాకు ఏళ్ల తరబడి లేదు.

నీళ్లు దిగేకొద్దీ పడవ ఒక పక్కకు ఒరగడం మొదలైంది. ప్రమోద్ భయపడి, లంగరు వెనక లోతులో వేసి గొలుసు లాగి పడవను దించుదాం అన్నాడు. నీళ్లు మళ్లీ ఎక్కేదాకా ఊరికే కూర్చుంటే సరిపోయేది. నన్ను అడగలేదు. లంగరును రబ్బరు పడవలో తీసుకుపోయి వేశాం. గొలుసు లాగే మోటారు ముందు మొన మీద ఉంటుంది. దాని బటన్ తీగ ప్రమోద్ చేతిలో. గొలుసు మోటారు పళ్లలో అడ్డం పడింది. హన్మాండ్లు నా వైపు చూశాడు. చెయ్యి పెట్టి తియ్యి అన్నాను.

బటన్ ప్రమోద్ చేతిలో ఉందని నేను చూడలేదు అని రాద్దామనుకున్నాను. చూశాను. నొక్కడనుకున్నాను. నొక్కాడు.

హన్మాండ్లు అరవలేదు. బావా అని మెల్లగా అన్నాడు. పిలిచినట్టు.

కోస్ట్ గార్డ్ వాళ్లు మంచివాళ్లు. తొందరగా వచ్చారు. అతన్ని తీసుకుపోయారు. మమ్మల్ని సాయంత్రం పోటుకు లాగారు. అడుగున మెషిన్ పగిలిపోయింది. రబ్బరు పడవ రాళ్లకు చీలింది.

29 జనవరి

మూడు వేళ్లు తీసేశారు. కుడి చెయ్యి. బొటనవేలు, చూపుడు వేలు మిగిలాయి.

31 జనవరి, బుధవారం

సార్ ఆఫీసుకు పిలిపించాడు. ఏసీకి వణుకు వచ్చింది. ప్రమోద్, నేను, హన్మాండ్లు. హన్మాండ్లు చెయ్యి తెల్లగా, బూరుగు దూది మూట లెక్క ఉంది.

ప్రమోద్ తప్పు ఒప్పుకున్నాడు. మ్యాప్ తప్పు, తెరచాప దించకపోవడం తన తప్పు అన్నాడు. బటన్ సంగతి చెప్తూ ఏడ్చాడు. మగవాడు ఏడిస్తే నాకు అసహ్యం. తర్వాత నా వైపు చూసి, మీకు ఆ ఇసుక తెలుసా అంకుల్ అని అడిగాడు. మొదటిసారి అడిగాడు.

చెప్పాను. చుక్కాని వదిలేసి మూడు నెలలైంది, నాకు ఎలా తెలుస్తుంది అన్నాను. తాడు పట్టుకున్న మనిషి చెప్పాలి. అది అతని పని. వీడు చెప్పలేదు అన్నాను.

హన్మాండ్లు నన్ను చూస్తున్నాడు. సార్ అతన్ని అడిగాడు, ఏమయ్యా, తాడు నీ చేతిలోనే ఉంది గదా, ఎందుకు చెప్పలేదు, నోరు లేదా నీకు, మా ఆవిడ పడింది, పిల్లలుంటే ఏమయ్యేది అని. చాలాసేపు తిట్టాడు. చెయ్యి పోయిన మనిషిని అంతసేపు తిట్టడం నాకే ఎక్కువ అనిపించింది. సార్ తిట్టడం అయ్యాక హన్మాండ్లు, తప్పయింది సార్ అన్నాడు.

ప్రమోద్ ఉద్యోగం ఖలాస్. నా వీసా ఇంకో రెండేళ్లు. ఇన్సూరెన్స్ సంగతి తర్వాత చూద్దాం, నువ్వు లేకపోతే కాదు భోజన్నా అన్నాడు సార్. ఈసారి భుజం మీద కాదు, రెండు చేతులూ పట్టుకున్నాడు.

హన్మాండ్లును పంపించేస్తా అన్నాడు. వద్దన్నాను. ఉండనివ్వండి, నా మనిషి, నేను చూసుకుంటా అన్నాను. ఎంత పెద్ద మనసు అన్నాడు సార్.

నిజం ఏమిటంటే తాడు విసిరే మనిషి నాకు కావాలి. కొత్తవాడికి నా కళ్ల సంగతి పది రోజుల్లో తెలిసిపోతుంది.

2 ఫిబ్రవరి, శుక్రవారం

గౌరవ్వకు చెప్పాను. పరాకుగా ఉండి గొలుసులో చెయ్యి పెట్టాడని చెప్పాను. ఏ చెయ్యి అని అడిగింది. చెప్పాను. వానికి ఆ చేతితోని నేనే మొదట్ల ముడి నేర్పిన అంది. ఇంటికి పంపించు అంది. బతిమాలింది. నలభై ఏళ్లలో నన్ను దేనికీ బతిమాలని మనిషి.

డాక్టర్లు ఇక్కడే మంచివాళ్లు అన్నాను.

హన్మాండ్లును కూడా అడిగాను, పోతావా అని. అడిగానని తర్వాత చెప్పుకోవడానికి. అతను కట్టు విప్పి మందు రాసుకుంటున్నాడు.

"ఏడికి పోను బావా? ఈడనే ఉంట. నీ ముందట్నే ఉంట."

మంచిది అన్నాను.

17 ఫిబ్రవరి, శనివారం

పడవ బాగు చేసి నీళ్లలో దించారు. చుక్కాని చేతికి రాగానే ప్రాణం లేచి వచ్చింది. పదేళ్లు తగ్గినట్టుంది. లోతు మెషిన్ కొత్తది వేయిద్దామా అని సార్ అడిగాడు. నేనుండగా ఎందుకు సార్ అన్నాను. చీలిపోయిన రబ్బరు పడవ బదులు కొత్తది చూద్దామంటే, నిదానంగా చూద్దాం అన్నాను. సార్ గెస్టులకు చెప్పాడు, మా భోజన్న ఉంటే జీపీయస్ కూడా అక్కర్లేదు అని. చప్పట్లు కొట్టారు. మేడమ్ నా చేతి నుంచి గ్లాసు తీసుకుంది. టిష్యూ లేకుండా.

హన్మాండ్లు ముందుకు పోయి నిలబడ్డాడు. ఎడమ చేత్తో తాడు విసరడం నేర్చుకున్నాడు. బాగానే విసిరాడు. ఇక నుంచి తాడు కుడి చేత పట్టి, లోతు ఎడమ చేత చూపించు అన్నాను. ఎడమ చేతిలో ఐదు ఉన్నాయి గదా.

గంగమ్మకు ఎడమ చెయ్యి చూపియ్యద్దు బావా అన్నాడు. నువ్వే చెప్పినవు, నేను కొత్తగ వచ్చిన నాడు.

చెప్పాను. నిజమే.

ఇవాళంతా లోతు నీళ్లే. పిడికిలి చూపించాడు. పిడికిలి పిడికిలిలాగానే ఉంది.

24 ఫిబ్రవరి, శనివారం, పున్నమి

గుడ్ల దిబ్బ దగ్గర హన్మాండ్లు రెండు వేళ్లు చూపించాడు. చుక్కాని మొత్తం తిప్పేశాను. తెరచాప అటు నుంచి ఇటు కొట్టుకుని ఒక గెస్టు టోపీ ఎగిరిపోయింది. చుట్టు తిరిగి పోవడానికి గంటన్నర పట్టింది. సార్ ఏమైందని అడిగాడు. జాగ్రత్త కోసం అన్నాను.

తిరుగు దారిలో ఒంటి చెట్టు పక్కన మళ్లీ రెండు. అక్కడ ఎప్పుడూ రెండు ఉండదు. కళ్లు మూసుకున్నట్టే పోనిచ్చాను. ఏమీ కాలేదు. చెమటకు టీషర్టు వీపుకు అంటుకుంది.

అన్నం దగ్గర అడిగాను, పొద్దున ఎన్ని చూపించావు అని. రెండున్నాయా, ఐదున్నాయా అని.

అతను మిగిలిన రెండు వేళ్లతో ముద్ద కలుపుతున్నాడు. సగం కింద పడుతోంది.

"ఉన్నన్ని జూపిన బావా."

3 మార్చి

నోటితో చెప్పు అన్నాను. లోతు నోటితోని చెప్పద్దని నువ్వే అన్నవు గదా, అదీ సార్ ముందట ఎట్ల చెప్తరు, మొక్కు గదా అన్నాడు. మాట మెత్తగా ఉంది. ఎప్పటిలాగానే ఉంది. కొట్టడానికి చెయ్యి ఎత్తాను. అతను నా చెయ్యి వైపు చూశాడు, వేళ్లు లెక్కపెట్టినట్టు.

కొట్టలేదు.

5 మార్చి

ఎడమ కన్నుతో చూస్తే దీపం చుట్టూ గుడ్డ కట్టినట్టుంది.

8 మార్చి, శుక్రవారం

శివరాత్రి. ఉపవాసం ఉన్నాను. సార్ ఫోన్ చేశాడు. రేపు, ఎల్లుండి ఉప్పు గిన్నె. అలేఖ్యమ్మ వచ్చిందట. పెళ్లయ్యాక మొదటిసారి. అల్లుడు కూడా. ఎల్లుండి అమావాస్య, నీళ్లు బాగా దిగుతాయి, వచ్చే వారం పోదాం అందామని నోటి దాకా వచ్చింది. ప్రమోద్ అమావాస్య, పున్నమి చూడకుండా పోయి ఎక్కించాడు, నువ్వైతే ఎప్పుడైనా తీసుకుపోతావు గదా అన్నాడు సార్.

ఎప్పుడైనా అన్నాను.

హన్మాండ్లు వల అల్లడానికి ప్రయత్నం చేస్తున్నాడు. రెండు వేళ్లు, పళ్లు, కాలి బొటనవేలు. ముడి పడి జారిపోతోంది. మళ్లీ వేస్తున్నాడు. చూడకుండా ఉందామన్నా చప్పుడు వినపడుతుంది.

9 మార్చి, శనివారం

నిండు పోటు మీద లోపలికి వచ్చాం. ఏమీ కాలేదు. కేక్ కోయించారు. నాతో. ఒకటో తారీఖు పుట్టినరోజు దాటిపోయిందని. అలేఖ్యమ్మ నా కాళ్లకు దండం పెట్టింది. మా నాన్నను మీరే చూసుకోవాలి అంది. ఆ పిల్లకు నెల తప్పిందట. మేడమ్ చెప్పింది. నాకే చెప్పింది.

హన్మాండ్లుకు కేక్ ముక్క ఇచ్చారు. ఎడమ చేత్తో తిన్నాడు.

10 మార్చి, ఆదివారం, మధ్యాహ్నం 2:30

గాలి తిరిగింది. ఉత్తరం నుంచి లేస్తోంది. సాయంత్రానికి షమాల్. లోపలే ఉందామంటే, రేపు పొద్దున అల్లుడి ఫ్లైట్, మెరీనాకు పోవాలి అని సార్. నీళ్లు దిగుతున్నాయి. అమావాస్య.

నోటి కొత్త దారి ఎడమ వైపు ఉండేది. డిసెంబర్‌లో. తర్వాత ఎన్ని గాలులు వచ్చాయో.

నీళ్లన్నీ తెలుపు. ఇక్కడి నుంచి అక్కడి దాకా ఒకటే తెలుపు. సార్‌తో చెప్పొచ్చు. నాకు కనపడటం లేదు అని రెండు మాటలు. రాత్రి పోటుకు పోదాం అనొచ్చు. ఫ్లైట్ పోతే పోతుంది. చెప్తే రేపటి నుంచి నేను అరుగు మీద.

హన్మాండ్లుతో కూడా చెప్పొచ్చు. ఆ రోజు నేను చూశాను, కావాలని చూడనట్టున్నాను అని. అది అతనికి తెలుసు. నా నోటి నుంచి రావాలని ఉన్నాడేమో. దగ్గరికి పోయాను. తాడు ముడులు సరిచూసుకుంటున్నాడు. ఏంది బావా అన్నాడు. ఏమీ లేదు, తాడు బాగా చూసుకో అన్నాను.

3:15

లంగరు తీశాం. ఇంజన్ మెల్లగా. పుస్తకం చుక్కాని పక్కన పెట్టి రాస్తున్నాను. అలేఖ్యమ్మ నా వెనక కూర్చుంది.

పిడికిలి.

పిడికిలి.

రెండు.

చెయ్యి దించలేదు. వెనక్కి చూడలేదు. ఎంత లోతుంది భోజన్నా అని సార్ అడిగాడు. చాలా ఉంది సార్ అన్నాను.